అరిగిన కత్తి

అడవికి పోయేవాడి దగ్గర ఒక కత్తి ఉండాలి. ఈ ఒక్క మాట కోసం నేను పద్నాలుగు నెలలు ఖర్చు పెట్టాను.

మారేడుమిల్లిలో మూడు రాత్రులు గుడారాల్లో పడుకోవాలని ఆఫీసులో నలుగురం అనుకున్నాం. మిగతా ముగ్గురూ ఒక్క ఆదివారం సాయంత్రం బజారుకెళ్ళి బూట్లు, దుప్పట్లు, దోమల మందు కొనేసుకున్నారు. నేను కత్తి వెతకడం మొదలుపెట్టాను. ఈలోగా ప్రయాణం రెండుసార్లు వాయిదా పడింది. వాళ్ళు తిట్టుకున్నారు గానీ నాకు లోలోపల సంతోషమే. నా కత్తి ఇంకా తేలలేదు మరి.

మడత కత్తి పనికిరాదని మొదటి వారంలోనే తేల్చేశాను. మడత పడే చోట చిన్న సీల ఉంటుంది, బరువంతా దాని మీదే. అడవిలో తడి కట్టె దొరికితే నిలువునా చీల్చి లోపలి పొడి చెక్క తీయాలి. అందుకు కత్తిని కట్టె మీద ఆనించి, వీపు మీద ఇంకో దుంగతో బాదాలి. ఆ దెబ్బలకి ముందు పోయేది ఆ సీలే. కాబట్టి అలుగూ పిడీ కదలకుండా ఒకటిగా ఉన్న కత్తే కావాలి.

అక్కడితో అయిందనుకుంటే, తోక గొడవ వచ్చింది. అలుగు ఇనుము పిడిలోకి ఎంత దూరం పోయిందన్నది పైకి కనపడదు. చవక కత్తుల్లో అది వేలెడు కూడా ఉండదు, పిడి నున్నగా మెరుస్తూ ఉంటుంది. మంచి కత్తికి ఇనుము పిడి చివరిదాకా పోతుంది. దాన్నే ఫుల్ టాంగ్ అంటారు. 1982లో ఫస్ట్ బ్లడ్ సినిమా వచ్చాక, రాంబో చేతిలో ఉన్నలాంటి బోలు పిడి కత్తుల మీద కుర్రాళ్ళకి మోజు పుట్టింది. పిడిలో గాలాలు, అగ్గిపుల్లలు, మూతకి దిక్సూచి. పిడి బోలుగా ఉందంటే తోక లేదనే కదా! దాన్ని చూసి చేసిన చవక నకళ్ళు కట్టె చీల్చబోతే పిడి ఒక చేతిలో, అలుగు ఒక మొద్దులో. నాకు ఇంటర్లో అలాంటిదే ఒకటి ఉండేది. దిక్సూచి మాత్రం ఇప్పటికీ పనిచేస్తోంది.

పొడవు నాలుగైదు అంగుళాలు చాలు. మన ఆయుధాల నిబంధనలు 9 అంగుళాల కన్నా పొడవో 2 అంగుళాల కన్నా వెడల్పో ఉన్న కత్తుల్ని, ఇంటికో పొలానికో చేసినవి కాకపోతే, ఆయుధాల పద్దులో చేరుస్తాయి. అంత దూరం మనకక్కర్లేదు. ఇనుము సంగతే నన్ను నిద్రపోనివ్వలేదు. కార్బన్ ఉక్కు పదును తొందరగా ఎక్కుతుంది, వాగు పక్కన రాయి మీద నూరుకున్నా చాలు. కానీ నిమ్మకాయ కోసి తుడవడం మరిచిపోతే తెల్లారేసరికి మచ్చ. స్టెయిన్‌లెస్‌లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది కనుక తుప్పు జోలికి అంతగా పోదు. నేను కార్బన్ వైపు మొగ్గాను. రోజూ తుడిచి, కొబ్బరినూనె రాయడం నాకు ఇబ్బందిగా అనిపించలేదు. మా ఆవిడ ఇచ్చిన చేతి గడియారాన్ని కూడా నేనింత శ్రద్ధగా చూసుకోలేదని తర్వాత ఇంట్లో మాట వచ్చిందనుకోండి.

చివరికి స్వీడన్‌లోని మోరా ఊరి కత్తి దగ్గర ఆగాను. 1891 నుంచి అక్కడ కత్తులు చేస్తున్నారు. వాళ్ళ గార్‌బర్గ్ రకం: అలుగు 109 మిల్లీమీటర్లు, మందం 3.2, తోక పిడి చివరిదాకా. వీపు అంచు పలక తేలి ఉంటుంది, నిప్పు రాజేసే కడ్డీని దాంతో గీస్తే రవ్వలు రాలతాయి. ఇంట్లో చెప్పిన ధరకీ అసలు ధరకీ మధ్య ఒక సున్నా తేడా. ఆ సున్నాని నేను అడవిలోనే పాతేద్దామనుకున్నాను.

డిసెంబరులో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాజమండ్రిలో దిగి, జీపులో మారేడుమిల్లి చేరాం. గుడారాల దగ్గర మాకు ఒక గైడు కుదిరాడు. నలభై లోపే ఉంటాడు. నల్లగా, ఎండిన వెదురు గడలా ఉన్నాడు. ఏమడిగినా “ఆయ్, అలాగేనండి” అనేవాడు. నేను చూసింది అతని మొహాన్ని కాదు, నడుముని.

నడుముకి ఒక కత్తి ఉంది. ఎన్నేళ్ళుగా నూరారో, అలుగు అరిగి అరిగి చవితి చంద్రుడిలా సన్నబడింది. పిడికి ఇత్తడి పొన్ను, దాని కింద సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. అలాంటిది అంగడిలో దొరకదు. నా గార్‌బర్గ్ ఒక్కసారిగా నిన్న పుట్టిన పిల్లాడిలా కనపడింది.

ఆ సాయంత్రం అతను బొంగులో చికెన్ చేశాడు. పచ్చి వెదురు నరికి, కణుపు దగ్గర తుంచి, మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పుల్లో పెట్టాడు. నరకడానికి మాత్రం వంట పాకలో ఉన్న బరువైన మచ్చకత్తి తెచ్చాడు. కోడి కోయడానికి ఇంకో కత్తి. నడుముకున్నదాన్ని బయటికి తీయలేదు. అంత అపురూపం కాబోలు, ఇలాంటి చిల్లర పనులకి తీయడు కాబోలు అనుకున్నాను.

తిన్నాక మిగతా ముగ్గురూ ముసుగు తన్నారు. నేనూ గైడూ మంట దగ్గర కూర్చున్నాం. నా కత్తి తీసి చూపించాను. పద్నాలుగు నెలల చదువంతా ఆ రాత్రి ఒప్పజెప్పాను. తోక, మందం, ఉక్కు, అంచు ఏటవాలు, ఒర తోలుదైతే చెమ్మ పట్టి కార్బన్ ఉక్కు పాడవుతుందన్న సంగతి, ఒక్కటీ వదల్లేదు. మా వాళ్ళెవరూ ఎన్నడూ అంత శ్రద్ధగా వినలేదు. అతను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నాడు. మధ్యలో అడిగేవాడు కూడా. “ఇనుము పిడి ఆఖరిదాకా ఉందని పైనించి ఎలా తెలుస్తుందండి?” “స్టెయిన్‌లెస్సయితే మళ్ళీ అమ్ముడు ధర ఎక్కువుంటుందాండి?” మంచి శిష్యుడు దొరికాడని పొంగిపోయాను.

“మరి నీ కత్తి?” అన్నాను చివరికి, ఏదో గుళ్ళో అడుగుతున్నట్టు. “ఎన్నేళ్ళదది?”

“పాతదేనండి.”

“మీ తాతగారిదా?”

అతను నవ్వాడు. “మా తాత కూడా కత్తి పట్టినోడేనండి.”

ఆ తర్వాత ఇంకేదో అన్నాడు, వాళ్ళది కడియం వైపని, అక్కడ అంట్లు కట్టే పనని. నేను సగమే విన్నాను. నా మనసంతా ఆ కొండల్లో ఏదో కొలిమి ముందు, సమ్మెట దెబ్బల మధ్య ఉంది.

మూడోరోజు ఉదయం అడిగేశాను. నా కత్తి ఇస్తాను, నీది ఇస్తావా? అతను నేల చూపులు చూశాడు. “అలవాటైపోయిందండి ఇది” అన్నాడు. బతిమాలాను. నా గార్‌బర్గ్ తీసుకుని వీపు మీద గోరుతో గీశాడు, ముంజేతి మీద నాలుగు వెంట్రుకలు గొరిగాడు, పిడి తిరగేసి చివర్న ఇనుము ఎక్కడుందో చూశాడు. పెద్దగా ఊపిరి వదిలాడు. “మీరింతగా అడుగుతుంటే కాదనలేనండి.” అతని త్యాగం చూసి మనసాగక ఐదొందల నోటు కూడా పెట్టాను. వద్దు వద్దంటూనే జేబులో పెట్టుకున్నాడు.

హైదరాబాదు వచ్చాక దానికి అద్దాల చట్రం కట్టించి ముందుగదిలో గోడకి పెట్టాను. వచ్చినవాళ్ళకి టీ కన్నా ముందు కత్తి కథ. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు పర్షియా దాకా పోయిందనీ, డమాస్కస్ కత్తులకి పేరు తెచ్చిన ఉక్కు ఈ నేలదేననీ మొదలుపెట్టేవాణ్ణి. అది నిజమే. అక్కణ్ణుంచి కొండల మీదికి ఎక్కేసి, మూడు తరాల వేటగాళ్ళు, ఒక కమ్మరి, ఒక చిరుత. అవన్నీ నావి. నాలుగో నెలకి చిరుత పులయింది. మా బావమరిది ఒక్కడే దగ్గరికెళ్ళి చూసి, “బావా, దీనికి జామకొమ్మలు కొట్టిన జిగురు వాసనొస్తోంది” అన్నాడు. వాడికి చరిత్ర తెలియదు.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. ఈసారి ఒక్కణ్ణే వెళ్ళాను. గైడు దూరం నుంచే గుర్తుపట్టి “ఆయ్, మీరాండీ!” అంటూ ఎదురొచ్చాడు. నేను చూసింది మళ్ళీ నడుమునే.

చవితి చంద్రుడిలాంటి అలుగు. ఇత్తడి పొన్ను. సైకిల్ ట్యూబు.

కాసేపు నోట మాట రాలేదు. “ఇది...” అన్నాను.

అతను కంగారేమీ పడలేదు. పాక వెనక్కి తీసుకెళ్ళి ఒక రేకు పెట్టె తెరిచాడు. అడుగున గోనె గుడ్డలో అలాంటివే నాలుగు కత్తులున్నాయి. “కడియం నర్సరీల్లోవండి. మా మావయ్యకి తోటుంది. రోజూ నూరి నూరి అరిగిపోతే ఇక పనికిరావు, పారేస్తారు. ఊరెళ్ళినప్పుడల్లా తెచ్చుకుంటాను.”

“మరి మీ తాతగారు?”

“మామిడంట్లు కట్టేవోరండి. చెప్పాను గదండీ, కత్తి పట్టినోడని.” కాస్త నొచ్చుకున్నట్టే అన్నాడు. “నేనొక్క అబద్ధం ఆడలేదండి. ఇది ఎక్కడిదని ఒక్కరూ అడగరు. ఎన్ని తరాలదని అడుగుతారు.”

గోనె గుడ్డ పక్కన ఇంకో మూట ఉంది, కొబ్బరినూనె వాసన వేస్తోంది. అది విప్పాడు. అందులో నా గార్‌బర్గ్, దాని పక్కన ఒక కా-బార్, ఒక ఈఎస్ఈఈ, పేరు తెలియని జపాను కత్తి ఒకటి. తోలు ఒరల్లోంచి తీసి, ఒక్కోదాన్నీ విడివిడిగా పొడిగుడ్డలో చుట్టాడు. నేను చెప్పింది చెప్పినట్టు. ఒక్క దానికీ మచ్చ లేదు.

“మీ పుణ్యమేనండి” అన్నాడు. “అంతకుముందు ఏది బడితే అది మార్చేసుకునేవోణ్ణి. మీరొచ్చి వెళ్ళాక తోక లేనిది తీసుకోటం లేదు.”

ఏమనాలో తోచక బయటికొచ్చాను. ముందు గుడారాల దగ్గర జీపు ఆగింది. నలుగురు కుర్రాళ్ళు దిగారు. ముగ్గురు సెల్ఫీలు తీసుకుంటున్నారు. నాలుగోవాడు తీసుకోవడం లేదు. వాడి కళ్ళు గైడు నడుము మీద నిలబడిపోయాయి. వాడి బెల్టుకి కొత్త ఒర, అందులో ముదురాకుపచ్చ పిడి.

“అన్నా,” అన్నాడు వాడు, గొంతు తగ్గించి, “అది చాలా పాతదనుకుంటా?”

“పాతదేనండి” అన్నాడు గైడు.

వాడు వంగి ఆ పొన్ను చూస్తున్నాడు. గైడు వాడి తల మీదుగా నా వైపు చూసి, ఆ ఆకుపచ్చ పిడిని కంటితోనే చూపించి, కనుబొమ్మలు ఎగరేశాడు.

పిడి చివర్న సన్నగా ఇనుము మెరుస్తోంది. నేను తలూపాను.