నిచ్చెనకు పీజీ డిగ్రీ

మొత్తానికి బీటెక్ మోజు పాతబడింది. మదనపల్లెలో ఇప్పుడు పిల్లలంతా ఎడ్‌టెక్‌లో పీజీ అంటున్నారు, లెర్నింగ్ డిజైనర్లం అవుతామంటున్నారు. సంతోషం. పాఠం చెప్పేవాడికి ప్రైవేటు బడులు అరకొర జీతమిచ్చే కాలంలో, పాఠం ఎలా ఉండాలో చెప్పేవాడికి బెంగళూరులో ఏసీ గది దొరుకుతుందంటే ఏ తల్లిదండ్రులు కాదంటారు? పైగా చాలా కోర్సుల్లో ఒక్క ఏడాదైనా సుద్దముక్క పట్టావా అని అడిగే నాథుడే లేడు.

బ్యాడ్జీలు, పాయింట్లు, తెరమీద బొమ్మ టీచరమ్మ, వాటి జోలికి నేను పోను. నన్ను కాల్చుకు తింటున్నది ఒకటే: అడాప్టివ్ లెర్నింగ్. ఏ పిల్ల వేగం ఆ పిల్లదట. పక్కవాడి కోసం ఆగనక్కర్లేదట. తప్పితే మళ్లీ అభ్యాసమట, వస్తే ముందుకట. ఆహా! ఈ సంగతి కనిపెట్టడానికి సర్వర్లు, సాఫ్ట్‌వేరు, రెండేళ్ల పీజీ కావలసి వచ్చాయి.

నాయనా, మదనపల్లె బస్టాండు నుంచి రిషివ్యాలీ ఎంత దూరం? అక్కడి గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ చుట్టుపక్కల ఏకోపాధ్యాయ బడుల కోసం ఏనాడో ఒక నిచ్చెన గీశారు. మెట్టుమెట్టుకూ కార్డులు. కార్డు మీది గుర్తు చూసి పిల్లే వెతికి తెచ్చుకుంటుంది. పరిచయానికి ఒకటి, అభ్యాసానికి ఒకటి, పరీక్షకు ఒకటి, వెనకబడినవాళ్లకు వేరే, ముందే ముగించినవాళ్లకు ఇంకోటి.

డ్యాష్‌బోర్డు లేదా అంటారేమో. ఉంది, గోడ మీదే. ఎవరు ఏ మెట్టుమీద ఉన్నారో అయ్యవారు తల తిప్పితే కనపడుతుంది. కరెంటు పోతే ఆగదు, ఛార్జింగ్ అడగదు, పాస్‌వర్డు మరిచిపోయే బాధ లేదు. చెన్నై కార్పొరేషన్ 2003లో ఆ దారి పట్టింది, తర్వాత తమిళనాడు సర్కారు ప్రాథమిక బడులన్నిటికీ పాకించారు. మన దగ్గర మాత్రం ఆ నిచ్చెనది పుంగనూరు ఆవు గతే. 2024 సంక్రాంతికి ప్రధాని ఢిల్లీలో మేత పెట్టిన ఫొటో వచ్చాకగానీ ఆ ఆవు మన ఊరిదని మనకు గుర్తురాలేదు కదా!

కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ వాళ్లు చవక సామాన్లతో సైన్సు నమూనాలు చేసి వ్యాన్లలో, మోటార్‌సైకిళ్ల మీద బడులకు మోస్తున్నారు. 'ఇమ్మర్సివ్' అని పేరు పెట్టుకోలేదు కాబట్టి అది లెక్కలోకి రాదు.

ఇక నవ్వు చాలు. 2022 డిసెంబరు 21న, అప్పటి ముఖ్యమంత్రి జగన్ పుట్టినరోజున, ఎనిమిదో తరగతి పిల్లలకూ అయ్యవార్లకూ కలిపి సుమారు 5 లక్షల ట్యాబ్‌ల పంపకం మొదలుపెట్టారు. లోపల బైజూస్ అనే ఎడ్‌టెక్ కంపెనీ పాఠాలు. 2024 జులైకల్లా ఆ కంపెనీ దివాలా విచారణలో పడింది. రాష్ట్రంలోని పిల్లల చదువును ఒక కంపెనీ చేతిలో పెట్టేముందు, రేపు అది మునిగితే ఏమిటని అడగొద్దా! అదే 2022లో అయ్యవార్లు యాప్‌లో ముఖం చూపించి హాజరు వేసుకోవాలన్నారు. మరుగుదొడ్ల ఫొటోలు ఎక్కించే పని అంతకుముందే నెత్తిన పడింది. విద్యా సాంకేతికత అంటే మన సర్కారుకు తెలిసింది ఇంతే: టీచరు మీద నిఘా, కంపెనీకి ప్రచారం. ఐదు తరగతులకు ఒక్క మనిషి ఉన్నచోటికి రెండో మనిషిని పంపండంటే డబ్బుల్లేవంటారు. తెర కొనడానికి మాత్రం ఉంటాయి. ఒళ్లు మండదా?

డిజైనరు బాబులూ, అమ్మాయిలూ, మీ ఇంటర్న్‌షిప్ బెంగళూరులో వద్దు. పుంగనూరు చుట్టుపక్కల ఏ ఏకోపాధ్యాయ బడికైనా వానపడే సోమవారం పొద్దున రండి. ఒకటో తరగతి పిల్ల ఇంటికి పోతానని ఏడుస్తుంటుంది, ఐదో తరగతికి భాగహారం చెప్పాలి, భోజనం గుడ్లు లెక్కపెట్టాలి, ఫోనులో మండలాఫీసు రిపోర్టు అడుగుతుంటుంది. ఆ ఒక్క పూటకు డిజైన్ చేసి చూపించండి. మీ రెండేళ్ల ఫీజూ నేనే కడతా.