బెదరని పిట్ట

న్యూజెర్సీలో మా పెరటి ఫీడర్‌కి పొద్దుతిరుగుడు గింజల కోసం రోజూ వచ్చేవి హౌస్ ఫించ్‌లు. పిచ్చుకంత పిట్ట. మగదానికి తలా రొమ్మూ కుంకుమ అద్దినట్టుంటాయి. అవీ మాలాగే ఎక్కణ్ణించో వచ్చి స్థిరపడ్డవే. పుట్టిల్లు పడమటి రాష్ట్రాలు. పంజరాల్లో పెట్టి అమ్ముకోవడానికి న్యూయార్క్ తెచ్చిన పిట్టల్ని 1940లో లాంగ్ ఐలండ్‌లో వదిలేస్తే, వాటి సంతానమే తూర్పంతా అల్లుకుపోయింది.

మొన్నటి చలికాలమంతా నాకు వాటి ఫోటోలే లోకం. ఫీడర్ పక్కన ఎండుకొమ్మ ఒకటి కట్టాను. గింజకొచ్చే పిట్ట ముందు దానిమీద ఆగుతుంది, ఫోటోలో ప్లాస్టిక్ గొట్టం పడదు. పొద్దున్నే మెత్తటి గుడ్డతో లెన్స్ తుడిచి తలుపు వెనక కాచుకుని కూర్చునేవాణ్ణి. షటర్ సెకనులో వెయ్యో వంతు పెట్టినా, నేను కెమెరా ఎత్తేలోపే తుర్రుమనేవి. పిట్ట ఫోటోకి కన్నే ప్రాణం. కంట్లో వెలుగు చుక్క పడని ఫోటోలు వందల్లో చెరిపేశాను.

ఫిబ్రవరిలో ఓ మంచు ఉదయం మగపిట్ట ఒకటి కొమ్మమీద వాలి అక్కడే ఉండిపోయింది. తలుపు తీశాను. కదల్లేదు. అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళాను. చెయ్యి చాస్తే అందేంత దగ్గర. ఈకలు ఉబ్బించుకుని, ముక్కుమీద ఓ మంచు పలుకుతో, నాకు ఎదురుగా రెండు కళ్ళూ మూసుకుని కునుకు తీస్తోంది. ఊపిరి బిగపట్టి నొక్కాను. నాలుగు నెలలుగా గింజలు పోస్తున్న మనిషిని గుర్తుపట్టిందనుకున్నాను. ఆ ఒక్క ఫోటోకీ వెలుగు చుక్క సంగతి వదిలేశాను. ‘నమ్మకం’ అని పేరు పెట్టి, పెద్దది చేయించి, హాల్లో తగిలించాను. వచ్చినవాళ్ళంతా దాని ముందు ఆగేవారు.

ఏప్రిల్‌లో కాకినాడ దగ్గర మా ఊరి నుంచి అమ్మ వచ్చింది. బతుకంతా పెరట్లో కోళ్ళు పెంచిన మనిషి. కళ్ళజోడు సర్దుకుని ఫోటోకి బాగా దగ్గరగా జరిగింది.

‘‘నిద్ర కాదురా నాన్నా ఇది. పుసులు కట్టి కళ్ళు అతుక్కుపోయాయి. మన కోళ్ళకి ఇలాగే వచ్చేది. దీనికి నువ్వు కనపళ్ళేదురా, పాపం.’’

కంప్యూటర్లో అసలు ఫోటో తెరిచి కన్ను దగ్గర పెద్దది చేశాను. రెప్ప చుట్టూ వాపు, అంచున ఎండిన పుసి. చదివితే తెలిసింది. కోళ్ళకి సోకే మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవే 1994లో వాషింగ్టన్ పరిసరాల్లో ఈ పిట్టల్లో బయటపడిందట. చూపు పోయినవి ఆకలికో, చలికో, పిల్లికో బలైపోతాయి. జబ్బు పిట్ట గింజ కోసం తల దూర్చినప్పుడు కన్ను ఎక్కడ రాసుకుంటుందో, తర్వాత వచ్చిన పిట్టా అక్కడే తల దూరుస్తుంది.

తలెత్తి చూస్తే అమ్మ పక్కన లేదు. పెరట్లో ఫీడర్ దించి, గింజలు వచ్చే కన్నం అంచున చూపుడువేలు తిప్పుతోంది. వేలికి నల్లటి జిగురు అంటుకుంది. ఆ వేలు నాకు చూపించింది.

‘‘దీన్ని ఎప్పుడు కడిగావురా?’’