ఊరంతా ఒక్క కూతకి లేచిన రోజుల్లో

ఇంగ్లండంటే లండనే అనుకుంటారు మీరు. గడియారం గోపురం ముందు నిలబడి ఒక ఫోటో, వెనకాల ఎర్ర బస్సు కనిపించాలి, అంతటితో దేశం చూడ్డం అయిపోయింది. మాంచెస్టర్‌లో ఎమ్మెస్సీకి వచ్చిన మన పిల్లలు ఇంకొంచెం నయం అనుకుంటే, వాళ్ళకీ తెలిసింది యూనివర్సిటీ, ఫుట్‌బాల్ గ్రౌండు, బిర్యానీ దొరికే వీధి. రాచ్‌డేల్ అన్న పేరు ట్రాము నుదుటి మీద రాసుంటుంది కాబట్టి చదివి ఉంటారు. దిగి చూసిన పాపాన పోరు. "అక్కడేముంది అంకుల్, అంతా పాడుబడ్డ ఊరట కదా" అంటారు నా మొహం మీదే. కోనసీమలో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివి, 1960ల చివర్లో ఆ లాంకషైర్ చలిలో దిగి, ఉద్యోగ జీవితమంతా ఆ ఊరి గుండెల మీద స్టెతస్కోపు పెట్టి విన్నవాణ్ణి నేను. నాకా చెబుతారు!

మా రోజుల్లో ఆ ఊరు నూలు మిల్లు కూతకి లేచేది. ఒక్క కూత, ఊరంతటికీ. ఎర్ర ఇటుకల ఇళ్ళు ఒకదాని భుజం ఒకటి పట్టుకుని వరసగా ఉండేవి. కింద రెండు గదులు, పైన రెండు, పెరట్లో మరుగుదొడ్డి, దాని వెనక బొగ్గు బండి తిరిగే సందు. కూత వినపడగానే తలుపులన్నీ తెరుచుకునేవి. అంతకు ముందు కాలంలో ఒకాయన పొడుగాటి గెడ పట్టుకుని తిరిగి మేడ మీది కిటికీలు తట్టి మనుషుల్ని లేపేవాడట, వారానికి ఇన్ని పెన్నీలని తీసుకుని. నేను చేరేసరికి ఆయన పోయాడు, ఆయన కబుర్లే మిగిలాయి. ఇప్పుడు మీ ఫోను మిమ్మల్ని ఒక్కరినే లేపుతుంది. పక్కింటివాడు లేచాడో లేదో మీకెందుకు? అప్పుడు తొమ్మిదైనా ఒక ఇంటి కర్టెన్లు తీయలేదంటే ఎదురింటావిడ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చేది, "డాక్టర్, ఒకసారి వచ్చి చూడు" అని. తాళంచెవి దారానికి కట్టి ఉత్తరాలు వేసే కంతలోంచి లోపలికి వేలాడదీసేవారు. చెయ్యి పెట్టి లాగితే తాళంచెవి చేతికొచ్చేది. నేను ఎన్ని ఇళ్ళలోకి అలా వెళ్ళానో!

ఆ ఇళ్ళ మెట్లు చూడాలి మీరు. ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని, డాంకీ స్టోన్ అనే రాయితో మెట్టు అంచు రుద్ది తెల్లగానో పసుపుగానో గీత తీర్చేవారు. మన ఇళ్ళల్లో గడపకి పసుపు రాసినంత శ్రద్ధగా. పాత బట్టలు కొనే బండివాడు డబ్బుకి బదులు ఆ రాయి ఇచ్చిపోయేవాడు. మెట్టు రుద్దని ఇంటి సంగతి వీధంతా చెప్పుకునేది. ఇప్పుడు ఆ మెట్ల మీద పిజ్జా పెట్టెలు, పార్సిల్ అట్టలు.

ఇక ఆ ఊళ్ళోని టోడ్ లేన్ అనే వీధి సంగతి. మీలో సహకార బ్యాంకు పరీక్షలకి చదివినవాళ్ళు సహకార సంఘాలు నడిచే రాచ్‌డేల్ సూత్రాలని బట్టీ పట్టే ఉంటారు. అది పుస్తకంలో పేరు కాదు నాయనా, నడిచి వెళ్ళి చూడగలిగిన కొట్టు. 1844 డిసెంబరు 21, శనివారం సాయంత్రం, టోడ్ లేన్‌లో 31వ నంబరు ఇంట్లో కొట్టు తెరిచారు. ఇరవై ఎనిమిది మంది, చాలామంది నేతపనివాళ్ళు, చేతిపనివాళ్ళు, తలా ఒక పౌను పోగేయడానికి నెలల తరబడి పెన్నీ పెన్నీ కూడబెట్టారు. అమ్మకానికి పెట్టిందేమిటి? వెన్న, పంచదార, గోధుమ పిండి, ఓట్స్ పిండి, కొవ్వొత్తులు. అంతే. కానీ పిండిలో సుద్ద కలపలేదు, తూకంలో మోసం లేదు, మనిషికొక ఓటు, కొన్నదాన్ని బట్టి లాభంలో వాటా. మా నాన్నగారు ఊళ్ళో సహకార పరపతి సంఘం లెక్కలు చూసేవారు. 1904 చట్టం వచ్చాక మన దేశంలో ఊరూరా లేచిన సంఘాల్లో అదొకటి. నాకు రాచ్‌డేల్‌లో ఉద్యోగం దొరికిందని రాస్తే, జీతమెంతని అడగలేదాయన. "మన సంఘానికి పుట్టిల్లు అది, ఆ కొట్టు చూసి ఎలా ఉందో రాయి" అని ఇన్లాండ్ లెటరు రాశారు. చూసి రాశాను. 1931 నుంచి అది మ్యూజియం.

మా పేషెంట్లలో ముసలివాళ్ళు సొంత పిల్లల పేర్లు మరిచిపోయిన దశలో కూడా, కో-ఆప్, అంటే సహకార కొట్టులో, వాళ్ళ అమ్మ సభ్యత్వం నంబరు అడిగితే తడుముకోకుండా చెప్పేవారు. చిన్నప్పుడు సామాన్లకి పంపినప్పుడల్లా ఆ నంబరు చెప్పాలి, లేకపోతే 'డివి', అంటే డివిడెండు, అమ్మ ఖాతాలో పడదు. ఆ డివితోనే పిల్లలకి బూట్లు వచ్చేవి. మీ దగ్గరా ఇప్పుడు సూపర్‌మార్కెట్ పాయింట్ల కార్డు ఉంటుంది. మీరు ఏం కొంటున్నారో వాడికి తెలియడానికి ఉంది ఆ కార్డు. ఆ కొట్టులో మీకు ఓటుందా? సరుకు మీరే స్కాన్ చేసుకోవాలి, సంచిలో మీరే వేసుకోవాలి, మాట్లాడే మనిషి లేడు. దీన్ని సౌకర్యం అంటారు.

సెలవులైనా అంతే. వేసవిలో 'వేక్స్' అని ఒక వారం వచ్చేది, తర్వాత్తర్వాత రెండు వారాలయింది. లాంకషైర్‌లో ఒక్కో ఊరికి ఒక్కో వారం. ఊళ్ళోని మిల్లులన్నీ ఒక్కసారి ఆపేసి బాయిలర్లు శుభ్రం చేసుకునేవారు, జనం మొత్తం రైళ్ళెక్కి సముద్రం ఒడ్డుకి, ముఖ్యంగా బ్లాక్‌పూల్‌కి, పోయేవారు. ఏడాది పొడుగునా వారం వారం కాస్త దాచి ఆ వారంలో ఖర్చు పెట్టేవారు. ఏటా అదే బస ఇల్లు, అదే యజమానురాలు, భోజనాల బల్ల దగ్గర పక్క వీధి వాళ్ళే! అంత దూరం పోయి మళ్ళీ పక్కింటివాళ్ళనే చూడటమేమిటని మీరు నవ్వుతారు. అదే కదా నాయనా సుఖం. నేను ఊళ్ళోనే ఉండిపోయేవాణ్ణి, డాక్టరు కదా. మిల్లు గొట్టాల్లో పొగ ఆగి, బ్లాక్‌స్టోన్ ఎడ్జ్ కొండ వరసంతా స్పష్టంగా కనిపించేది. వీధుల్లో నా అడుగుల చప్పుడు నాకే వినపడేది. ఇప్పుడు ఎవరి సెలవు వాళ్ళది, ఎవరి విమానం వాళ్ళది, ఒకే ఇంట్లో నలుగురు నాలుగు దిక్కులకి.

ఆదివారం కొట్లు మూసేవారు. 1994 చట్టంతో అదీ పోయింది. వారం మధ్యలో ఒక పూట కొట్లన్నీ మూయడం కూడా ఉండేది. పాలు కావాలంటే రేపటిదాకా ఆగాలి, లేకపోతే పక్కింటికి వెళ్ళి అడగాలి. అడగడంలోనే కదా పరిచయం! మూసే వేళంటూ లేని ఊళ్ళో మనుషులు ఒకచోట చేరే వేళ కూడా ఉండదు. ఇది నా సిద్ధాంతం. మా మనవరాలు "రాత్రి పదకొండింటికి నీ బీపీ మాత్ర తెరిచున్న కొట్టులోనే దొరికింది తాతయ్యా" అంటుంది. దొరికింది, నిజమే. అయినా నేను సిద్ధాంతం మార్చుకోను.

ఇంత చెబుతున్నానని అంతా స్వర్గమని అనడం లేదు. ఆ మిల్లుల్లో ఏముందో నా దగ్గరికి వచ్చే ఊపిరితిత్తులు చెప్పేవి. పత్తి ఏకే గదుల్లో పనిచేసినవాళ్ళకి ఆదివారం సెలవు తర్వాత సోమవారం పనిలోకి వెళ్ళగానే ఛాతీ పట్టేసేది. దూదిదుమ్ముతో వచ్చే బిస్సినోసిస్ జబ్బు అది. మగ్గాల షెడ్డులో పనిచేసిన ఆడవాళ్ళకి చెవులు పోయేవి. ఆ చప్పుడులో మాట వినపడదు కాబట్టి పెదాలు పెద్దగా కదిపి, చేతులు తిప్పి మాట్లాడుకునేవారు, దాన్ని 'మీ-మా' అనేవారు. మిల్లు మానేసి ఎన్నేళ్ళయినా, నా వెయిటింగ్ గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి ఒక్క శబ్దం లేకుండా ఊరి గుట్టంతా చెప్పుకునేవారు. నేనూ కొంత పట్టాను. చెవిటి పేషెంటు దగ్గర అరవకుండా పెదాలతో మాట్లాడటం నాకు ఏ మెడికల్ కాలేజీ నేర్పలేదు, ఆ నేతగత్తెలే నేర్పారు. ఆ ఊళ్ళోనే ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీలో పనిచేసి నెల్లీ కెర్షా అనే ఆవిడ 1924లో ముప్ఫై మూడేళ్ళకే చనిపోయింది. వైద్య పత్రికల్లో మొట్టమొదట నమోదైన ఆస్బెస్టోసిస్ మరణం ఆవిడదే. డాక్టరుగా ఆ కాలం తిరిగి రావాలని నేను కోరను. ఆ మనుషులు తిరిగి రావాలని కోరతాను.

ఆ మిల్లులకీ మనకీ లెక్క ఉంది, అదీ చెప్పాలి. లాంకషైర్ గుడ్డ దిగాకే కదా మన ఊళ్ళల్లో మగ్గాలు మూలపడ్డాయి. 1931 సెప్టెంబరులో గాంధీగారు అదే లాంకషైర్‌లో డార్వెన్ ఊరికి వస్తే, ఖాదీ ఉద్యమంతో తమ పని పోయిందని తెలిసి కూడా మిల్లు ఆడవాళ్ళు ఆయన చుట్టూ చేరి జేజేలు కొట్టారు. ఆ ఫోటో మీరూ చూసే ఉంటారు. అంతకు ముందు 1858లో, రాచ్‌డేల్‌లో పుట్టిన జాన్ బ్రైట్ పార్లమెంటులో లేచి కంపెనీవాళ్ళని కడిగేశాడు: ఒక్క మాంచెస్టర్ నగరం మంచినీళ్ళకి పెట్టిన ఖర్చు, ఈస్టిండియా కంపెనీ పద్నాలుగేళ్ళలో ఇండియా మొత్తానికీ ప్రజల పనుల మీద పెట్టినదానికంటే ఎక్కువని. అప్పటికి మా కోనసీమకి నీళ్ళిచ్చే ధవళేశ్వరం ఆనకట్ట కట్టి ఆరేళ్ళయింది. ఆ కాలవ నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి కాబట్టి, బ్రాడ్‌ఫీల్డ్ పార్కులో ఆ బ్రైట్ విగ్రహం ముందు నడిచినప్పుడల్లా ఒక క్షణం ఆగేవాణ్ణి. ఇప్పుడు ఆ పార్కులో ఎవరూ తల ఎత్తరు, చేతిలో తెర ఉంది కదా.

మార్చనిది ఏమైనా వదిలారా? నేను అణాలు లెక్కపెట్టడం నేర్చుకున్నానో లేదో 1957లో నయాపైసలు తెచ్చారు. ఇక్కడికొచ్చి షిల్లింగుకి పన్నెండు పెన్నీలు, పౌనుకి ఇరవై షిల్లింగులని కష్టపడి పట్టానో లేదో 1971 ఫిబ్రవరి 15న వాటినీ తీసేశారు. 1974లో ఏకంగా ఊరినే లాంకషైర్‌లోంచి తీసి గ్రేటర్ మాంచెస్టర్‌లో పడేశారు. మా పేషెంట్లు చాలామంది చచ్చేదాకా చిరునామాలో లాంకషైర్ అనే రాశారు, నేనూ అలాగే రాస్తున్నాను, ఉత్తరాలు చక్కగా చేరుతున్నాయి. 2009లో ఓల్డ్‌హాం మీదుగా వెళ్ళే రైలు ఆపి, ఆ తర్వాత ట్రాము వేశారు. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు 2023లో, నూట రెండేళ్ళ తర్వాత, లీగులోంచి జారిపోయింది. మిల్లులు పోయాయి, గొట్టాలు కూల్చేశారు. రాత్రి షిఫ్టుల కోసం పాకిస్తాన్ నుంచి, బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్ళు పెట్టిన కొట్లే నా ఇంటికి కందిపప్పు, పచ్చిమిరపకాయలు ఇచ్చాయి. ఆ కొట్టు యజమానుల పిల్లలూ ఇప్పుడు లాయర్లై ఎక్కడెక్కడికో పోయారు.

రెండు పనులు మాత్రం మంచివి చేశారు, ఒప్పుకోవాలి. ఊరి నడిబొడ్డున ప్రవహించే రాచ్ నదిని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కాంక్రీటుతో కప్పేసి పైన రోడ్డు వేశారు. నేనున్నన్నాళ్ళూ దాని మీద నడిచానే గానీ కింద నీళ్ళున్నాయని ఆలోచించలేదు. 2016లో ఆ కప్పు తీసేశారు. నీళ్ళు కనిపించాయి, మధ్యయుగాల నాటి రాతి వంతెన బయటపడింది. 1871 నాటి టౌన్‌హాలుని కూడా బాగుచేసి 2024లో తెరిచారు. లోపలి కప్పు మీది రంగుల పని చూస్తే, నేత గుడ్డ అమ్మి ఎంత గర్వం కట్టుకున్నారో తెలుస్తుంది. పాతది వెలికి తీశారు కాబట్టే ఆ రెండూ మంచి పనులయ్యాయి, గమనించండి.

కాబట్టి ట్రాములో చివరి స్టేషనుదాకా ఒక్కసారి రండి. టౌన్‌హాలు చూసి, బయట గ్రేసీ ఫీల్డ్స్ విగ్రహం దగ్గర ఆగండి. చేపలు వేయించే కొట్టు పైన పుట్టి, పాటతో దేశాన్ని ఏలిన పిల్ల ఆవిడ. టోడ్ లేన్‌కి నడవండి, మ్యూజియం తెరిచే రోజులు ముందుగా కనుక్కోండి. మీరు అద్దెకుండే వీధిలో ఎనభై దాటిన ముసలమ్మ ఉంటే తలుపు తట్టి, ఏ మిల్లులో, ఏ గదిలో పనిచేసిందో అడగండి. టీ ఇస్తుంది, వద్దనకండి. ఆ మగ్గాల చప్పుడు విన్న తరంలో మిగిలింది కొద్దిమందే. వచ్చే ఏడాది వెళ్దామనుకోకండి.