కెర్నెల్ పానిక్ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "కెర్నెల్ పానిక్ - నాట్ సింకింగ్: ఈఎక్స్‌టీ4-ఎఫ్ఎస్ (డివైస్ ఎస్‌డీఏ2): పానిక్ ఫోర్స్‌డ్ ఆఫ్టర్ ఎర్రర్."

ప్రతిపదార్థం: కెర్నెల్ = డిస్కు, మెమరీ, ప్రాసెసరులను ఏలునట్టి లినక్స్ మూలభాగము; పానిక్ = ఇక అడుగు వేయనని కూలబడుట; నాట్ సింకింగ్ = మెమరీలో మిగిలిన రాతలను డిస్కుకు ఎక్కించకుండుట; ఈఎక్స్‌టీ4-ఎఫ్ఎస్ = 2008లో లినక్సున స్థిరపడిన ఫైల్ సిస్టమ్; ఎస్‌డీఏ2 = మొదటి డిస్కులో రెండవ పార్టిషన్; ఫోర్స్‌డ్ = బలవంతముగా; ఆఫ్టర్ ఎర్రర్ = తప్పు కనబడిన పిమ్మట.

తాత్పర్యం: ఫైల్ సిస్టమ్ లెక్కల్లో తప్పు దొరికింది. దొరికితే ఆగిపొమ్మని అడ్మినే ముందుగా చెప్పి ఉంచాడు. కెర్నెల్ చెప్పినట్టే ఆగింది.

విశేషం: అందరూ పొరబడేది నాట్ సింకింగ్ దగ్గర. అదే రోగమనుకుని దాని వెంట పడతారు, నిజానికది పథ్యం. చెడిన మెమరీలోని రాతలు డిస్కుకెక్కితే ఉన్నదీ పాడవుతుందని కెర్నెల్ భయం. చిక్కేమిటంటే, ఆఖరి లాగ్ లైన్లూ డిస్కుకు చేరవు. జర్నల్‌సీటీఎల్‌లో వెతికితే సరిగ్గా అసలు ఘట్టం దగ్గరే గ్రంథపాతం. అందుకే నెట్‌కన్సోల్ పెట్టి కెర్నెల్ మాటలను అప్పటికప్పుడు పక్క మెషీనుకు పంపుకోవాలి.

పాఠాంతరం: ఎర్రర్స్ అనే మౌంట్ ఆప్షన్‌కు పానిక్ బదులు రీమౌంట్-ఆర్ఓ అని ఇచ్చినచోట "రీమౌంటింగ్ ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీ" అని కనబడుతుంది. వెతుకులాటకు ఈ పాఠమే గ్రాహ్యం. మెషీను ప్రాణంతో ఉంటుంది.

పూర్వపక్షం: తప్పు డిస్కులోనే ఉంటే పానిక్ రోజూ రావాలి గదా, కొన్నిచోట్ల వారానికోసారే వస్తుందేమిటి?

సమాధానం: చెడిన బ్లాకును ఎవరైనా చదివితేనే తప్పు బయటపడుతుంది. ఖరగ్‌పూర్ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వంటి చోట, వేసవిలో కాల్‌బైశాఖి గాలివానకు కరెంటు మినుక్కుమన్నదనుకుందాం. యూపీఎస్ బ్యాటరీ ముసలిదైతే, డిస్కు తన క్యాష్‌లోనే ఉంచుకుని "రాసేశాను" అని బొంకిన బ్లాకులు ఆ క్షణాన గల్లంతు. ఆ బ్లాకులున్న డైరెక్టరీ జోలికి ఆదివారం రాత్రి బ్యాకప్ తప్ప ఎవరూ పోరు. పానిక్ ఆదివారం వస్తుంది, నింద బ్యాకప్ స్క్రిప్టు మోస్తుంది.

పానిక్ ప్రతిసారీ వేరే చోట పడుతుంటే అనుమానం ర్యామ్ మీదికి పోవాలి; మెమ్‌టెస్ట్86+ రాత్రంతా నడపాలి. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే రాసుకునే స్మార్ట్ పట్టికలో 199వ గుణం, అంటే సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క, పెరుగుతుంటే సాధారణంగా దోషం సాటా కేబుల్‌ది. 5వ గుణం, అంటే చెడిపోగా మార్చిన సెక్టర్ల లెక్క, పెరుగుతుంటే డిస్కునే మార్చాలి. పార్టిషన్‌ను అన్‌మౌంట్ చేసి, ఇమేజ్ తీసుకున్నాకే ఫైల్ సిస్టమ్‌ను మరమ్మతు చేసే ఈ2ఎఫ్ఎస్‌సీకే నడపాలి. ర్యామ్ సంగతి తేలకముందే నడిపితే చెడిన ర్యామే మరమ్మతుకు కూర్చుంటుంది.

ఫలశ్రుతి: కెర్నెల్.పానిక్ అనే సెట్టింగు విలువ 0 అయితే, ఎవరో వచ్చి రీసెట్ నొక్కేదాకా మెషీను అలాగే ఉంటుంది. 10 అని పెడితే 10 సెకన్లకు తానే రీబూటవుతుంది.