నాయకుడి జలుబు, నాయుడి మాత్రలు

మదురై నాయక రాజు తిరుమల నాయకుడికి జలుబు పట్టుకుని ఎంతకీ వదలలేదట. వైద్యులు చేతులెత్తేశారు. మదురైకి వస్తుంటే దిండిగల్లులో మీనాక్షీ సుందరేశ్వరులు కలలో కనబడి, మా ఊళ్లో కాపురం పెడితే కుదురుస్తామన్నారట. మర్నాడు పళ్లు తోముకుంటుంటేనే ముక్కు తెరిపినపడిందనీ, తిరుచిరాపల్లి నుంచి రాజధాని అందుకే తరలిందనీ కథ. 1623లో గద్దెనెక్కిన ఆ రాజుకు ఒక్క అదృష్టం ఉంది: మా వల్ల కాదని ఒప్పుకునే వైద్యులు దొరికారు.

మనకు మెడికల్ షాపు దొరికింది. మదురైలో నాయకుడి మహలు పక్క సందైనా, కోయంబత్తూరు పీళమేడైనా, ఇంట్లో తెలుగు మాట్లాడే మనం కౌంటర్ దగ్గర ‘తొండై వలి’ (గొంతు నొప్పి) అంటే చాలు, అజిత్రోమైసిన్ అట్ట చేతిలో పడుతుంది. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని దాని మీద ఎర్రగీత ఉంటుంది. సుంగుడి చీర అంచనుకుంటాం కాబోలు.

దగ్గు, ముక్కు కారడం, గొంతు బొంగురు ఉంటే అది చాలావరకు వైరస్సే. దానికి యాంటీబయాటిక్ వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. దగ్గు లేకుండా ఒక్కసారిగా జ్వరం, మింగలేనంత నొప్పి, టాన్సిల్స్ మీద తెల్లటి చీము, మెడ ముందు నొప్పెట్టే గడ్డలు కనిపిస్తే, అందులోనూ 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకైతే, స్ట్రెప్ (స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా) అని అనుమానించాలి. డాక్టరు గొంతులోంచి స్వాబ్ తీసి తేలుస్తాడు. ఆ క్రిమి ఇన్ని దశాబ్దాలైనా పెన్సిలిన్‌కు ఎదురు తిరగలేదు. అజిత్రోకు చాలాచోట్ల తిరిగింది. పెన్సిలిన్ పడనివాళ్లు ఆ సంగతి ముందే చెబితే వేరే మందు రాస్తారు. అజిత్రో అసలు చోటు అక్కడ.

కానీ పెన్సిలిన్ చవక. మిల్లులు పెట్టిన నాయుళ్ల వంశాలకు చవక మందంటే చిన్నతనం. పైగా పెన్సిలిన్ గానీ అమాక్సిసిలిన్ గానీ 10 రోజులు వాడాలి. మూడో రోజు జ్వరం దిగగానే మిగతా మాత్రలు ఫ్రిజ్ మీది డబ్బాలో చేరతాయి. పక్కింటి పిల్లాడు దగ్గితే దానధర్మాలకు పనికొస్తాయి! అంత ఓపిక లేనివాళ్లకు ఒక్క బెంజాథిన్ పెన్సిలిన్ సూది ఉంది. సూదంటే మాత్రం మనవాడికి భయం, వాడి కంటే మనకు ఎక్కువ భయం.

మందు గొంతు కోసమే అనుకుంటాం. కానీ స్ట్రెప్ మొదలైన 9 రోజుల్లోపు మందు మొదలుపెడితే దాని వెనకాల వచ్చే రుమాటిక్ జ్వరం రాకుండా ఆపవచ్చు. అదొస్తే కీళ్లను వదిలిపెడుతుంది గానీ గుండె కవాటాలను చాలాసార్లు వదలదు. స్వాబ్ తీయిద్దామంటే ‘అంత ఖర్చు అవసరమా?’ అని బేరమాడే పెద్దలు, పదేళ్ల తర్వాత కవాటం మార్పిడికి ఆస్పత్రి ఎస్టిమేట్ చేతిలో పెడితే నోరెత్తకుండా సంతకం పెడతారు.