టమాటా తేలిస్తేనే ఓడ

మదనపల్లెలో ఓడ ప్రయాణం ఖాయమయ్యేది టమాటా వేలంలోనే. ధర పలికితే చెన్నై రేవు, లేదంటే హార్స్‌లీ హిల్స్. పుంగనూరు అమ్మ ఊరుబిండి డబ్బా కూడా సర్దేసింది. ఓడవాళ్లు రానిస్తారా అంటే, 'వాళ్ల చప్పిడి కూడు నువ్వే తిను' అంది.

హంద్రీ-నీవా నీళ్లకు 2025 ఆగస్టు దాకా కాచుకున్న కుప్పం నాయన, ఓడెక్కి చుట్టూ నీళ్లే చూసి నోరెళ్లబెట్టాడు. పదో తరగతి కొడుకేమో ఫోన్ నెత్తిమీదికెత్తి 'సిగ్నల్ లేదు నాయనా' అని ఒకటే ఏడుపు. వైఫైకి వేరే దుడ్లంట!

2022 జూన్‌లో విశాఖ వచ్చిన ఎంప్రెస్ ఓడను, కేసినో గొడవతో పుదుచ్చేరి తన తీరానికి రానివ్వలేదు. పిల్లోళ్లనడిగితే, ఆపాల్సింది వైఫై లేని ఓడనంటారు.