ముందు గడ్డం పట్టీ కోయండి

మా రోజుల్లో తబేలాలోంచి బయటికి పోయేది లద్ది ఒక్కటే. అదీ కూరగాయల తోటలవాళ్ళు బండి కట్టుకొచ్చి పట్టుకుపోయేవాళ్ళు. జీను చిరిగితే మోచీ దగ్గర కుట్టించేవాళ్ళం. తెగిన పగ్గం ముక్క ఇంకెక్కడో అతుకయ్యేది. అరిగిన నాడాలు గుమ్మాలకెక్కేవి. ఇప్పుడు తబేలా వెనక చెత్తడబ్బా మూత తీస్తే నాకు కడుపు రగిలిపోతుంది. అందులో పడేసే హెల్మెట్ల మీద కోపం ఒకటైతే, పడేయకుండా దానమిచ్చేవాటి మీద ఇంకా ఎక్కువ కోపం.

నేను మలక్‌పేట రేసుకోర్సు వైపు పెరిగాను. మొదట గుర్రాలను చూసుకునే సైస్‌లకు సాయం, తర్వాత స్వారీ, ఆఖరికి పిల్లలకు నేర్పే పని. మొదట్లో మాకు దొరికింది నల్ల వెల్వెట్ టోపీ. వెల్వెట్ కింద గట్టి చిప్ప, లోపల పల్చటి లైనింగు, గడ్డం కింద సాగిపోయిన ఎలాస్టిక్. అంతకుముందు దొరలు పెట్టుకున్న సోలా టోపీ అయితే ఉత్త జీలుగు బెండు, ఎండకు తప్ప దెబ్బకు పనికిరాదు. ఒక్క వెల్వెట్ టోపీ అయిదారు తలలు తిరిగేది. వదులైతే లోపల పేపరు మడిచి కుక్కేవాళ్ళం. అది ఎన్నిసార్లు నేలకు కొట్టుకుందో అడిగినవాడు లేడు, నేనూ అడగలేదు. మాకు చెప్పినవాళ్ళు లేరు.

ఇప్పుడు చెప్పేవాళ్ళున్నారు. ప్రతి హెల్మెట్‌తోపాటు ఒక పుస్తకమే వస్తుంది. చదివేదెవరు?

పోయిన చలికాలం ఒక అమ్మాయి అడ్డుకర్ర దూకబోయి గుర్రం మీంచి పడింది. దేవుడి దయవల్ల లేచి నడిచింది. రెండు రోజుల తర్వాత వాళ్ళ నాన్న హెల్మెట్ శుభ్రంగా తుడిచి తెచ్చాడు. "మాస్టారూ, చూడండి, గీత కూడా పడలేదు. పారేయడానికి మనసొప్పలేదు. సైస్ కొడుక్కి ఇచ్చేయండి, పాపకు కొత్తది కొన్నాం" అన్నాడు. మంచిమనిషే, మంచి మనసుతోనే తెచ్చాడు. కానీ తన కూతురి తలకు పనికిరానిది సైస్ కొడుకు తలకు ఎలా పనికొస్తుంది బాబూ? ఆ మాట ఆయన మొహం మీదే అడిగాను.

హాక్సా బ్లేడు తెచ్చి ఆయన ముందే దాన్ని నిలువునా కోశాను. పైచిప్ప మీద నిజంగానే ఏమీ లేదు. లోపల మెత్తటి గుడ్డ ఊడదీస్తే, కుడి చెవి పైభాగంలో థర్మాకోల్ వేలెడు మేర నలిగి, తెల్లటి పూసలు ఒకదానిలో ఒకటి అణిగి అట్టకట్టి ఉంది. అక్కణ్ణుంచి వెంట్రుకంత చీలిక వెనక్కి పాకింది. ఆయన వేలు పెట్టి చూసి ఏం మాట్లాడలేదు.

తలను కాపాడేది పైచిప్ప ఒక్కటే అనుకుంటారు. అసలు పని లోపలి థర్మాకోల్‌ది. వినాయక మండపాల్లో వాడేదాని జాతే, కాకపోతే బాగా దట్టంగా ఉంటుంది. దెబ్బను తాను తీసుకుని నలిగిపోతుంది. ఒకసారి నలిగితే మళ్ళీ పొంగదు. అదే చోట ఇంకో దెబ్బ తగిలితే నలగడానికి ఏమీ మిగలదు. పడకపోయినా సుమారు అయిదేళ్ళకు మార్చమంటారు తయారుచేసేవాళ్ళు. చెమట, తలనూనె, ఎండ దాన్ని తినేస్తాయి. మన ఏప్రిల్ ఎండలో కారు వెనకద్దం కింద వదిలేసే హెల్మెట్ గతి నేను వేరే చెప్పాలా?

ఇక హెల్మెట్టే లేకపోతే ఏమవుతుందో చూడండి. అమెరికా రౌతు కోర్ట్నీ కింగ్-డై 2008 ఒలింపిక్స్‌లో ఆడిన మనిషి. 2010 మార్చిలో మామూలు సాధనలో గుర్రం తడబడి పడితే, తల మీద హెల్మెట్ లేక వారాల తరబడి కోమాలో ఉంది. 2021 నుంచి అంతర్జాతీయ పోటీల్లో గుర్రంతో నడకల విన్యాసాలు చేయించే డ్రెస్సాజ్ రౌతులు సైతం టాప్ హ్యాట్ వదిలి హెల్మెట్ పెట్టుకోవలసిందే. ప్రపంచం ఇంతదూరం వచ్చాక మనం నలిగిన హెల్మెట్‌ను పుణ్యం పేరుతో పేదపిల్లల నెత్తిన పెడుతున్నాం. మా కాలంలో తెలియక చేశాం. ఇది తెలిసి చేస్తున్నారు.

ఇంకొందరున్నారు. రంగు కొత్త జీనుగుడ్డకు నప్పలేదని ఏడాది కూడా నిండని, ఒక్కసారీ నేల తాకని హెల్మెట్ పారేస్తారు. ఇవ్వదగ్గది అది! లోపలి స్టిక్కర్ మీద తేదీ చూసి, అది పడలేదని గట్టిగా తెలిస్తే నిక్షేపంగా ఇవ్వొచ్చు.

పనికిరానిదానికి ముందు గడ్డం పట్టీ కోయండి. పట్టీ ఉన్నంతకాలం చెత్త ఏరుకునేవాడో, సెకండ్‌హ్యాండ్ అమ్మేవాడో దాన్ని మళ్ళీ ఒక తలకు చేరుస్తాడు. పైన మార్కర్‌తో 'పడింది, వాడొద్దు' అని రాయండి. పైచిప్ప ప్లాస్టిక్‌దైతే విడదీసి కబాడీవాడికి వేయొచ్చు. థర్మాకోల్ వాడు ముట్టుకోడు, అది పొడిచెత్తకే. పడిన మనిషి తలనుంచి హెల్మెట్ ఎలా తీయాలో, ఎప్పుడు తీయకూడదో నేర్పే ప్రథమ చికిత్స తరగతికి ఇస్తే అంతకన్నా మంచిది లేదు. నేను కోసిన సగం ముక్క జీన్ల గది గోడకు మేకుతో కొట్టి ఉంచాను. కొత్తగా చేరిన ప్రతి పిల్లా ఆ నొక్కులో వేలు పెట్టాకే గుర్రమెక్కాలి.

ఈ సోమవారం చెత్తడబ్బాలో మళ్ళీ ఒకటి కనిపించింది. పట్టీ అలాగే ఉంది, బకిల్ మెరుస్తోంది. ఎవరిదో, ఎప్పుడు పడిందో ఎవరూ చెప్పలేదు. జేబులోంచి కత్తి తీసి రెండువైపులా కోసేశాను.